పిప్పళ్ళు రాని వేసవి

పిప్పళ్ళు లేకుండా కాయం చేయడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. శొంఠి, మిరియాలు, వాము, మోడి, దుంపరాష్ట్రం అన్నీ దొరికి, అదొక్కటీ దొరక్కపోతే బాలింతకు ఏం పెట్టాలో నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. నెల్లూరులో పచారీ కొట్టుకు పోయి కాయం సరుకు కావాలంటే చాలు, కొట్టువాడే అన్నీ కలిపి పొట్లం కట్టి ఇస్తాడు. వాటిని వేయించి, దంచి, పాత బెల్లం పాకంలో వేసి నెయ్యి పోసి ఉండలు చేస్తే అదే కాయం. బాలింత కడుపులో ముందు అది పడాలి. ఆ కారం పడ్డాకే పప్పు, కూర, పెరుగు. అంతవరకూ వేడన్నం, నెయ్యి, వేయించిన వెల్లుల్లి. మా అమ్మ నాకు అట్లాగే పెట్టింది. బళ్ళో నేను చదివింది మూడో తరగతి. ఈ చదువు మాత్రం పూర్తిగా చదివాననే అనుకున్నాను.

పందొమ్మిదివందల ఎనభై దాటిన కొత్తల్లో మా పెద్దమ్మాయి పురిటికని దుబాయ్ పోయాను. బర్ దుబాయ్‌లో ఒక బట్టల కొట్టు మీద వాళ్ళ ఇల్లు. బయలుదేరే ముందు అల్లుడు మరీమరీ చెప్పాడు: "బరువులు మొయ్యబాకండి అత్తయ్యా, ఇక్కడ దొరకని సరుకు లేదు." సరే, ఉన్నచోట కొనుక్కోవచ్చు గదా అని పెట్టె నిండా ఊరగాయలూ పాత గుడ్డలూ సర్దుకున్నాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అన్నీ దొరికాయి, పిప్పళ్ళు తప్ప.

ఆ దేశంలో ఆవగింజ కూడా పండదని పోయాకే తెలిసింది. ఒకపక్క ఇసుక, ఒకపక్క ఉప్పునీళ్ళు. పోపు గింజ మొదలు పసుపు కొమ్ము దాకా నీళ్ళ మీద రావాల్సిందే. మ్యాపులో ఏమంటారో గానీ, నా కళ్ళకు అది దీవే.

అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. నేను వేడన్నం, నెయ్యి, వెల్లుల్లి మొదలుపెట్టాను. వారం గడిచింది, ఇంకో వారం పడింది. కాయం లేదు కాబట్టి పథ్యం వదల్లేదు. పాలు చాలక పసిది ఏడ్చేది. అమ్మాయి గోడ పట్టుకుని నడిచేది.

"అమా, ఒక గుడ్డన్నా పెట్టవా? కళ్ళు తిరగతా ఉండాయి."

"కాయం పడనీ."

"యాడుంది కాయం?"

"లాంచీలో వస్తాదంట."

"అది వచ్చేదాకా నన్ను బతికుండమని చెప్పు మరి!"

నోరు మూసుకోమన్నాను. డాక్టరమ్మ రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాసి, అన్నీ తినిపించమని అల్లుడికి చెప్పి పంపింది. కారాల్లో బలం ఉండదా అని ఆయన చేతే అడిగించాను. చిటికెడు కారంతో రక్తం పట్టదంటుంది, తినాల్సినవి తినాలంటుంది. మరి మా అమ్మ చేతి కాయం తిని నేను నలుగురిని కని, నెల తిరక్కుండా నీళ్ళు మోశానే? నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఉన్న పద్ధతే పట్టుకుని కూచోవడం నాకు అలవాటు.

మర్నాడు అల్లుడు అబ్రా పడవలో క్రీకు అనే ఉప్పునీటి పాయ దాటించి, అవతలి గట్టున దేరాలో మసాలా సందు మొదట్లో నన్ను వదిలి పనికి పోయాడు. ఆ సందులో హైదరాబాదు సాయిబు కొట్టొకటి నాకప్పటికే తెలుసు. ఆయన నన్ను దూరం నుంచే చూసి చేతులు తిప్పాడు.

"మళ్ల వచ్చిన్రా అమ్మా? పిప్పళ్లు ఖలాస్ అని చెప్తి గద. వానకాలం సముద్రం మంచిగ లేదు. లాంచీలన్ని బొంబాయిలనే కట్టేసిన్రు."

"ఎప్పుడు విప్పుతారు?"

"అది సముద్రాన్ని అడగాలె."

పక్కన ఒక అరబ్బు ముసలామె మెంతులు కొంటోంది. ముక్కు మీద రేకులాగా మెరిసే ముసుగు, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. నా సంగతేమిటని సాయిబును అడిగింది. ఆయన అరబ్బీలో ఏదో పొడుగ్గా చెప్పాడు. ఆమె నా సంచీలోని శొంఠి కొమ్ము తీసి వాసన చూసి, తల ఊపి, మళ్ళీ ఏదో అంది.

"ఆమె బిడ్డకు గూడ పురుడైందట. మీ బిడ్డ ఏం తింటున్నదని అడుగుతున్నది."

"అన్నం, నెయ్యి."

"ఇంకా?"

"వెల్లుల్లి."

"ఇంకా ఏందని అడుగుతున్నదమ్మా."

ఆమె గుప్పెడు మెంతులు నా ముందు పట్టుకుని గట్టిగా ఏదో అంది. సాయిబు చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాడు.

"వాళ్లు గూడ ఇట్లాంటివే ఇస్తరట. గుడ్లల్ల, మాంసం రసంల కలిపి ఇస్తరట. ఇది ఆకలి పుట్టిస్తది, పుట్టినంక పెట్టుటానికి నీ ఇంట్ల ఏమున్నదని అడుగుతున్నది."

"ఆ మెంతులు యాడివి?" అన్నాను.

"మన దిక్కువే అమ్మా."

మన మెంతులు! మా ఇంట్లో అవి ఊరగాయకూ పోపుకూనే. సముద్రం దాటి ఇక్కడికొచ్చి బాలింత మందయ్యాయి. ఆమె గుప్పెడు నా సంచీలో పోసి, నేను వద్దంటున్నా వినకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం అల్లుడితో పడవలో తిరిగొస్తూ ఆమె అడిగిందే తలుచుకున్నాను.

ఇంటికొచ్చి ఉన్న సరుకు వేయించాను. పిప్పళ్ళు లేని పొడి దంచి, బెల్లం పాకం పట్టి, ఉసిరికాయంత ఉండ అమ్మాయి నోట్లో పెట్టాను. అది కాయమో కాదో నాకే తెలియదు. వెంటనే పప్పన్నం కలిపి, ఉడికించిన గుడ్డు కంచంలో వేశాను.

అమ్మాయి కంచం వంక, నా వంక చూసింది. "లాంచీ వచ్చిందా మా?"

"తిను."

తింది. ఇంకొంచెం పెట్టమంది. రోజూ ఉండ ముందు, అన్నం వెనక. మెంతులు కూడా పారెయ్యబుద్ధి కాక పులుసులో వేశాను. కొన్నాళ్ళకు పిల్లకు పాలు చాలాయి, అమ్మాయి గోడ వదిలి నడిచింది.

"గుడ్లూ మాత్రలూ అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"కాదు, ఆ కారం తగిలాకే నా నోటికి తిండి రుచించింది," అంది అమ్మాయి.

ఇద్దరూ నా వైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. నేను గిన్నెలు కడగడానికి పోయాను.

నేను తిరుగు ప్రయాణమయ్యేముందు లాంచీలొచ్చాయి. సాయిబు పిప్పళ్ళు అల్లుడి చేత పంపాడు. కాయం మళ్ళీ మొదటినుంచి పెట్టాలా, అయిపోయినట్టేనా? అడుగుదామంటే మా అమ్మ లేదు. కొన్నవి పారేసే రకం కాదు నేను. డబ్బాలో పోసి, అవి ఏ దిక్కునుంచి వచ్చాయో ఆ దిక్కుకే తీసుకొచ్చాను.

ఆ తరవాతేడు రెండో అమ్మాయి పురిటికి వాటితోనే కాయం చేశాను. ఒక గిన్నెలో అది, ఒక గిన్నెలో పప్పన్నం, రెండూ ఒకేసారి దాని ముందు పెట్టాను.

"ముందు ఏది తినాల మా?" అంది.

"నీ ఇష్టం," అన్నాను. మా ఇంట్లో బాలింతతో ఆ మాట అన్నదాన్ని నేనే మొదలు. అని, అది ఏ గిన్నెలో చెయ్యి పెడుతుందో చూడకుండా పసిదాని ఉయ్యాల వైపు తిరిగాను.