సాంబమూర్తిగారి రుమేనియా

సాంబమూర్తిగారిని ఏ ప్రశ్నయినా అడగండి, జవాబు రుమేనియాలో మొదలవుతుంది. సింగపూర్ యీషున్‌లో ఆయన ఉండే బ్లాకులో ఈ సంగతి తెలియనివారు లేరు. లిఫ్ట్ ఎందుకు ఆగిందంటే, "వసీలే ప్రుండారుగారని రుమేనియాలో ఒక నవలా రచయిత ఉండేవాడు. ఆయన అద్దెకున్నది ఐదో అంతస్తులో..." అని అందుకుంటారు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని భార్య సూరమ్మ అడిగితే, ప్రుండారుగారు ఉప్పులేని సూప్ తాగుతూ నవల పూర్తిచేసిన వైనం మొత్తం వినాలి. ఈలోగా పులుసు చల్లారిపోతుంది. ఉప్పు సంగతి మాత్రం తేలదు.

ఈ పిచ్చి ఆయనకు సెంబవాంగ్ షిప్‌యార్డులో అంటుకుంది. ఆయన అక్కడ స్టోర్‌కీపర్‌గా ఉన్న రోజుల్లో మరమ్మతుకొచ్చిన రుమేనియా ఓడలోని ఎలక్ట్రీషియన్ ఒకడు అట్ట ఊడిన పుస్తకం చేతిలో పెట్టి పోయాడు. ఇంగ్లీషు అనువాదం. మొదట్లో రెండు పేజీల జీవిత పరిచయం ఉంది. డాన్యూబ్ ఒడ్డున పుట్టాడు, లా చదువుతూ మానేశాడు, బుకారెస్ట్‌లో పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దాడు, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య నవలలు రాశాడు, పెళ్ళి చేసుకోలేదు, క్షయతో పోయాడు, ముసలితల్లి ఆ తర్వాత చాలాకాలం బతికింది. అంతే. ఆ రెండు పేజీల్నీ సాంబమూర్తిగారు ముప్ఫయ్యేళ్ళుగా చెబుతూనే ఉన్నారు, ఇంకా సగం కూడా కాలేదు.

హాకర్ సెంటర్ తిండి దుకాణాల దగ్గర అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ 'చోప్' చేసి చోటు ఆపుకుంటే, ఈయన ప్రుండారు పుస్తకం పెట్టి ఆపుకుంటారు. దాన్నెవరూ ఎత్తుకుపోరని ఆయన ధీమా. పాత షిప్‌యార్డు నేస్తం భీమారావు కోపీ అనే అక్కడి కాఫీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చోగానే ప్రవచనం మొదలు.

"మొదటి నవల అచ్చేసినవాడు చివరి అధ్యాయం కలపడం మర్చిపోయాడయ్యా. విమర్శకులు చదివి, ఆహా ఏం ముగింపు, జీవితమూ ఇలాగే తెగిపోతుంది కదా అని రాశారు. రెండో నవల మొత్తం వేశారు. సాగదీశాడన్నారు."

"పాపం! మరేం చేశాడు?"

"మూడోదానికి చివరి అధ్యాయం తనే చింపేశాడు. ఈసారి ప్రెస్సువాడి తప్పన్నారు."

చిక్కల్లా, జీవిత చరిత్ర ఒకరోజున్నట్టు మరోరోజుండదు. కొత్తగా ఊరినుంచి వచ్చిన ఇంజినీరు అనిల్‌కుమార్ ఒకరోజు వాళ్ళ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు కథలో ప్రుండారుగారిని పాతికేళ్ళ వయసులో తండ్రి తిట్టి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు.

"ఆలమాక్, అయ్యో!" భీమారావు గ్లాసు దించాడు. "తండ్రి చిన్నప్పుడే పోయాడని మొన్న చెప్పావు కదయ్యా!"

"పోతే? పోయినవాళ్ళ తిట్లు అంత తొందరగా పోతాయా?"

నాన్నని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన కూతురు అరుణ పక్కనే నిలబడి తల పట్టుకుంది. సైన్స్ పార్క్‌లో ఆమె పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆ రెండు పేజీలు చదివిన మనిషి, తండ్రి తర్వాత సింగపూర్ మొత్తానికి ఆమె ఒక్కతే.

"నాన్నా, బుక్‌లో అలా లేదు లా. ఫాదర్ గురించి ఒక్క లైన్ కూడా లేదు!" అంది సింగపూర్ యాసలో.

"బుక్‌లో అన్నీ పడతాయా అమ్మా?"

అరుణ పెళ్ళిలోనూ అంతే. వధూవరుల్ని దీవించమని మైకు ఇస్తే, పెళ్ళే చేసుకోని ప్రుండారుగారి గురించి అరగంట మాట్లాడారు. మగపెళ్ళివారు సగంలోనే లేచి భోజనాలకు వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు జయరాం మాత్రం కదలడానికి వీల్లేక మొత్తం విన్నాడు.

ఈ ఏడాది అరుణకు నెలలు నిండకముందే బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. ఆస్పత్రి నుంచి ఆమె ఖాళీ చేతులతో పుట్టింటికి వచ్చింది. జయరాం ఊయల విప్పి ఎవరికో ఇచ్చేశాడు.

బారసాల కాని బిడ్డకు పేరుండదు, పేరులేని బిడ్డ మాట ఎత్తకూడదు, ఎత్తితే మళ్ళీ కడుపు పండదు. ఇది సూరమ్మకు అత్తగారి నాటి నుంచి వస్తున్న నియమం. నమ్మకం కన్నా భయమే ఎక్కువ. కూతురి ముందు పెదవి విప్పకుండా వంటింట్లో కొళాయి తిప్పుకుని ఏడ్చేది. చూడవచ్చిన పక్కింటి సుభద్ర ఆంటీ, "చిన్నదానివి, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎత్తుకుంటావు" అని తల నిమిరింది. మిగతావాళ్ళు 'జరిగింది' అన్నారు, 'అయిపోయింది' అన్నారు. 'పాప' అన్నవాళ్ళు లేరు. జయరాం రోజూ ఆఫీసు నుంచి వచ్చి పక్కన కూర్చునేవాడు గానీ, అరుణ ఆ మాట మొదలుపెడితే ఫోన్‌లోకి తల దించుకునేవాడు.

అరుణ ఆ పిల్లకో పేరు అనుకుంది. బారసాల నాడు అందరినీ ఆశ్చర్యపరచాలని జయరాంకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ పేరు వినేవాళ్ళు లేరు. బిడ్డ పోయిన దుఃఖం ఒక ఎత్తు, అసలు బిడ్డే లేదన్నట్టు అందరూ మసలుకోవడం ఒక ఎత్తు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నీకో కూతురుండేదని అంటే చాలనుకుంది.

సాంబమూర్తిగారు కూడా అనలేదు. ఆయన అసలేమీ అనడం లేదు.

"ఉప్పు సరిపోయిందా?" అంది సూరమ్మ.

"సరిపోయింది" అన్నారాయన.

సూరమ్మ బెంబేలెత్తి ఆయన నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు.

ఆదివారం గణపతి వచ్చాడు. శ్రీకాకుళం మనిషి, షిప్‌యార్డులో వెల్డర్. కమలాపళ్ళు బల్లమీద పెట్టి, చాలాసేపు చేతులు నలుపుకున్నాడు.

"నాకు మాటలు రావక్కా. మా యమ్మ పోయినప్పుడు నాను ఎల్లలేకపోనాను. డార్మిటరీలో నీల్లు కూడా ముట్టకుండా పడుకున్నాను. మీ నాన్నగోరొచ్చి కూకున్నారు. ఆ ప్రుండారుగోరు కూడా తల్లి సావుకి ఎల్లలేకపోనారట కదా, మంచులో రైలాగిపోయి. పాపం, ఆ పెద్దమనిషి కోసరం నాను ఎంతేడిసేనో! ఆయన కోసరమే అనుకున్నాను. ఏడిసినాక ఆకలేసింది."

పుస్తకంలో తల్లి కొడుకు తర్వాత కూడా బతికే ఉంది. గణపతి వెళ్ళాక ఆమె తండ్రి చెప్పిన తప్పులన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. తండ్రి వెళ్ళగొట్టాడన్న రోజు ఎదురుగా ఉన్నది అనిల్‌కుమార్. నచ్చిన పిల్లను చేసుకున్నాడని వాళ్ళ నాన్న అతనితో మాట్లాడడు. ప్రతి తప్పుకీ ఎదురుగా ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. ఇన్నేళ్ళూ తప్పులు చూసిందే గానీ, ఆ మనుషుల్ని చూడలేదు. ఆమెకు తండ్రిమీద ప్రేమ, ఉక్రోషం ఒక్కసారే వచ్చాయి.

"అందరికీ చెప్తావు. నాకెందుకు చెప్పట్లేదు నాన్నా?"

సాంబమూర్తిగారు తల వంచుకున్నారు. "నువ్వు బుక్ చదివావుగా తల్లీ. పట్టేస్తావు."

"పట్టను. చెప్పు."

ఆయన గొంతు సవరించుకున్నారు. "ప్రుండారుగారికి ఒక కూతురు..."

"ఆయనకు పెళ్ళే కాలేదుగా!" నోరు ఊరుకోలేదు.

"అయింది. మొన్ననే చేశాను. నీకు చెప్పడానికే ధైర్యం చాల్లేదు."

అరుణకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపు కూడా.

"ఆ పాప లోకం చూడకుండానే పోయింది. ఊళ్ళోవాళ్ళు మంచివాళ్ళమ్మా, బాధపెట్టకూడదని ఎవరూ ఆ మాటెత్తలేదు. ఆ తల్లికి అదే పెద్ద బాధ. కడుపులో ఉండగానే పేరు పెట్టుకుంది మరి. ఏం పేరో నాకు తెలీదు."

"రుచిత" అంది అరుణ.

"రుచిత" అన్నారాయన మెల్లగా.

వంటింట్లో కొళాయి ఆగింది. సూరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. చాలాసేపు నిలబడి, చివరికి భర్తవైపే చూస్తూ అడిగింది.

"ఆ ప్రుండారుగారి పిల్ల... ఎవరి పోలికట?"

"అమ్మమ్మ పోలిక" అంది అరుణ. సూరమ్మ వచ్చి ఆమె పక్కన కూలబడి, కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ సాయంత్రం ముగ్గురూ ప్రుండారుగారి కూతురి కోసం కరువుతీరా ఏడ్చారు. జయరాం వచ్చేసరికి సాంబమూర్తిగారు అతనికీ కుర్చీ వేసి, కథ మళ్ళీ మొదటినుంచి చెప్పారు. ఈసారి అతను ఫోన్ తీయలేదు.

కొంచెం కోలుకున్నాక అరుణ తండ్రితో హాకర్ సెంటర్‌కు వెళ్ళింది. సాంబమూర్తిగారు రుచిత కథ అందుకోగానే భీమారావు గ్లాసు ఎత్తినవాడల్లా ఆగిపోయాడు.

"కూతురా? పెళ్ళికానివాడికి కూతురేంటయ్యా! పైగా రుమేనియాలో రుచిత అని పేరా?"

సాంబమూర్తిగారు మొదటిసారి తడబడ్డారు.

"ఉంది అంకుల్. బుక్‌లోనే ఉంది, నేను చదివాను" అంది అరుణ.

భీమారావు ఆమె మొహంలోకి చూశాడు. మళ్ళీ నేస్తం మొహంలోకి చూశాడు. ఆమెకో కోపీ తెప్పించి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సరే, రుచిత గురించి చెప్పు" అన్నాడు.