మొదటి ధార

మాదాపూర్‌లో నేను తర్జుమాలు చేసే వైద్య పరీక్షల కంపెనీ ఒక కరపత్రం తెనిగించమంది. ఆసుపత్రి గడప తొక్కడానికి సిగ్గుపడే కుర్రకారు ఇంట్లోనే తమ నమూనా తామే తీసి, డబ్బాలో పెట్టి పంపితే, సుఖవ్యాధులు ఉన్నాయో లేవో చెప్తారట. సుఖవ్యాధి! ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఏది ముందో ఏది తర్వాతో వరుస తప్పకుండా చెప్పాడు.

నేనూరుకుంటానా? పద్దెనిమిది పర్వాలకు సరిపడా సంస్కృతం కుమ్మరించాను. "ప్రథమ మూత్రధారను పాత్రయందు సంగ్రహించవలెను" అని రాసి నా భుజం నేనే తట్టుకున్నాను.

నల్లగండ్ల నుంచి రోజూ నన్ను ఆఫీసుకు దింపే క్యాబ్ కుర్రాడికి ఇరవై ఆరేళ్ళు, వచ్చే నెల పెళ్ళి. వెనక సీట్లో నేను మరిచిపోయిన కరపత్రం చదివి, మర్నాడు అద్దంలోంచి నన్నే చూస్తూ అన్నాడు:

"గీ డబ్బా నాకొకటి ఇప్పియ్యుండ్రి సార్. ఎనుకట ఓ తప్పు చేసిన. రేపు చేసుకునే పిల్లకు నాతోని ఏమన్న అంటితే ఎట్ల?"

కొత్తగూడ వంతెన దిగేలోపే కంపెనీకి ఫోను చేశాను.

డబ్బా ఇప్పించాను. వారానికి జవాబొచ్చింది: నమూనా పనికిరాదు, మళ్ళీ పంపండి. పెళ్ళికి పదిహేను రోజులే ఉంది.

"ఏం చేశావయ్యా?"

"మీరు రాసింది సమజ్ కాలే సార్, మంత్రం లెక్కుంది. దవాఖానల మొదటిది ఇడిసి నడిమిది పట్టుమంటరు గద. కల్లు తాగే ముందు అమ్మోరికి సాక పోసినట్టు మొదటిది జర నేలకిడిసిన."

పరీక్షకు కావలసిందే ఆ మొదటి ధార! ఆ సంగతి వాడికి చెప్పి, నా వాక్యం కొట్టేసి, దాన్నే వాడు తన మాటల్లో చెప్తుంటే రాసుకున్నాను: "గంటసేపు ఆపుకో. మొదటి ధారే పట్టు. సాక పొయ్యకు." కంపెనీ డాక్టరమ్మ పడీపడీ నవ్వి, అలాగే ఉంచమంది.

రెండో డబ్బా పంపాక వాడు ఐదు రోజులు స్టీరింగును తాళిబొట్టులా రెండు చేతులా పట్టుకుని నడిపాడు. ఆరో రోజు బొటానికల్ గార్డెన్ దగ్గర మెసేజ్ వచ్చింది. బండి పక్కకు ఆపి, ఫోను నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"ఏమీ లేదురా నాయనా!"

వెంటనే ఆ పిల్లకు ఫోను చేసి, చేసిన తప్పుతో సహా అంతా కక్కేశాడు.  స్పీకరులోంచి ఆ పిల్ల గొంతు:

"గా సంగతి ముందుగాలనే చెప్పొద్దా? సరే తియ్. నాక్కూడ ఓ డబ్బా తెప్పియ్. నువ్వొక్కనివే సాఫ్ అనిపిచ్చుకుంటవా?"

వాడు పళ్ళన్నీ బయటపెట్టాడు. నాకు మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. ఆడవాళ్ళ పేజీ ఇంకా నా సంస్కృతంలోనే ఉంది! ఇంటికెళ్ళి, కరపత్రం మా ఆవిడ ముందు పెట్టి, ఆడవాళ్ళు నమూనా ఎక్కణ్ణుంచి తీయాలో చెప్పే మాటను వేలితో చూపిస్తూ, "దీన్ని మామూలు తెలుగులో ఏమంటారు?" అనడిగాను.

"ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఇప్పుడా అండీ అడగడం?" అని పెన్ను లాక్కుంది.