మావయ్యగారి ఆఖరి బంటు

గెలిచిన ఆటను నా చేతులతో నేనే నేలపాలు చేసుకున్న వైనం చెబుతాను. నవ్వండి, కానీ కాస్త గౌరవంగా నవ్వండి. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

స్కూలు ఫైనల్ ప్యాసవగానే నన్ను కొత్తపేటలో మేనమామ కొడుక్కిచ్చి పెళ్ళి చేశారు. నాకు బి.ఏ. పిచ్చి, మావయ్యగారికి చదరంగం పిచ్చి. తోటలో కాయలు కోసే కొబ్బరి దింపు జరుగుతున్నా ఆట వదలని మనిషి. కాలేజీ మాట ఎత్తేసరికి ఆయన పావులు పేరుస్తూ, "నన్ను ఓడించమ్మాయ్. అమలాపురం కాలేజీలో నేనే చేర్పిస్తాను" అన్నారు.

నేను జంకలేదు. మా అన్నయ్య మద్రాసు నుంచి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో మహామహులు ఆటను ఎలా ముగించేవారో అప్పటికే వంటబట్టించుకున్నాను. చేతిలో ఒక్క ఏనుగుంటే చాలు, ఒంటరి రాజును మూలకు తోలి కట్టెయ్యగలను. ఆట మొదలెట్టడం ఎలాగో ఉన్న పేజీలు మాత్రం తిరగెయ్యలేదు. అదీ నా పాండిత్యం!

ఆ రోజు అదృష్టం నా పక్కనే కూర్చుంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా అత్తయ్యగారు కదలకుండా చూస్తున్నారు. చివరికి మావయ్యగారికి రాజూ ఒక బంటూ, నాకు రాజూ ఏనుగూ మిగిలాయి. మూలన ఇరుక్కున్న ఆయన రాజుకు ఇంకొక్క ఎత్తులో ఆటకట్టు. కానీ మహామహుల శిష్యురాలిని కదా, పుస్తకంలో బొమ్మ వేసినట్టు ముగించాలనిపించింది. ముందు ఆ బంటును చంపి, ఏనుగును దర్జాగా దాని గడిలో కూర్చోబెట్టాను.

"మీ రాజు ఒంటరండీ మావయ్యగారూ" అన్నాను.

"ఆయ్" అన్నారాయన, పావులు సంచిలో వేసుకుంటూ. "ఒంటరి రాజును కట్టకూడదమ్మాయ్. మన ఆటలో అక్కడితో సరి. నువ్వు గెలవలేదు, నేను ఓడలేదు."

అన్నయ్యా నేనూ ఎప్పుడూ పుస్తకం ప్రకారమే ఆడేవాళ్ళం. మహామహులకు మా కొత్తపేట పద్ధతి తెలియదు! నా బి.ఏ. ఆ సంచిలోకి పోతుంటే ఏడుపు ఆగలేదు.

అత్తయ్యగారు కలగజేసుకున్నారు. "సగం గెలిచినట్టే కదండీ. సగం చదువైనా చెప్పించండి."

మావయ్యగారు ఎత్తు వేసేముందు ఆలోచించినంత సేపూ ఆలోచించి, "సరే, ఇంటర్ చదువు" అన్నారు.

ఇంటర్ ప్యాసయ్యాక మిగిలిన సగానికి మళ్ళీ బల్ల వేశాం. ఈసారి ఆయన ఆఖరి బంటును చంటిపిల్లలా కాపాడుకొచ్చి, దాని కళ్ళముందే రాజును కట్టేశాను. మా వీధిలో మొదటి బి.ఏ. కోడలిని నేనే. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోను కూడా.

అప్పటినుంచీ ఒట్టు పెట్టుకున్నాను: ప్రాణం పోయినా ఎదుటివాళ్ళ ఆఖరి బంటు జోలికి వెళ్ళను. మా ఆయనతో పోట్లాడినా సరే, ఆయనకని ఒక్క మాట మిగిల్చి మరీ గెలుస్తాను.