స్విచ్చికి కట్టిన ఎర్ర చీటీ

మొన్న బీపీ మాత్రల కోసం తిరువొత్తియూరులో మా వీధి చివరి మందుల షాపుకు వెళితే, నా ముందు ఇద్దరు యువకులు నిలబడి ఉన్నారు, ఒకడు మనవాడు, ఇంకొకడు తెల్లవాడు. ఏ కండోమ్ ప్యాకెట్టు తీసుకోమంటావని తెల్లవాడు అడిగితే, మనవాడు దగ్గు మందు చూపించినంత మామూలుగా ఒకటి చూపించాడు, ఇద్దరూ చేతులు పట్టుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. షాపతను రెండుసార్లు పిలిస్తే గానీ నాకు నా మాత్రలు గుర్తు రాలేదు.

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు మా పక్కనే ఉన్న మనలిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉండేవాణ్ణి. కొత్త మిషన్లు బిగించడానికి విదేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు, మేమంతా దొర అనేవాళ్లం. మిషను లోపలికి దిగే ముందు స్విచ్చి కట్టేసి, లోపల మనిషున్నాడని తెలిసేలా దానికి మన పేరు రాసిన ఎర్ర చీటీ తగిలించాలి, తగిలించినవాడే తీయాలి, మేనేజరైనా దాన్ని ముట్టుకోకూడదు. కింది హెల్పరు వద్దన్నా పని ఆగాల్సిందేనని మాకు నేర్పింది ఆయనే. రోజూ పొద్దున నా హెల్మెట్ పట్టీ తన చేత్తోనే బిగించేవాడు.

ఆ చేతికే నేను పడిపోయాను, ఈ వయసులో దాపరికమెందుకు. ఆదివారాలు ఆయన కారు వచ్చి నన్ను సముద్రం పక్క బంగళాకు తీసుకెళ్లేది. ఇల్లు ఆయనది, కారు ఆయనది, నా ఉద్యోగమూ ఆయన చేతిలోదే. ఒకసారి నసుగుతూ కండోమ్ మాటెత్తితే, నాకేం రోగముందని నవ్వేశాడు, నేను నోరు మూసుకున్నాను. అలుగుతాడేమో, మళ్లీ రమ్మనడేమోనన్న భయం ఒకటైతే, నా తెలివితక్కువతనం ఇంకొకటి: రోగాలన్నీ మాలాంటి ఇరుకిళ్లలోనే పుడతాయనీ, అంత తెల్లటి ఒంటికి ఏదీ అంటదనీ నిజంగానే నమ్మాను.

తర్వాత పది రోజులు వదలని జ్వరం వచ్చింది. ఎవరి కంటా పడకూడదని ఊరికి ఆ చివరనున్న ఆస్పత్రికి పోయి ఎయిడ్స్ పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాను, ఫలితానికి వారం ఆగమన్నారు. ఆ వారం పగవాడికి కూడా వద్దు. నా గ్లాసు నేనే కడిగి విడిగా దాచుకున్నాను, నేనుండేది అక్క ఇంట్లోనే, ఆమె బిడ్డ చేతులు చాచినా ఎత్తుకోలేదు, గ్లాసుతోనూ ఎత్తుకోవడంతోనూ అంటదని నాకు చెప్పేవాళ్లు ఎవరు? అక్క కనిపెట్టింది. "ఏందిరా, పళ్లెం ఈడ బెట్టుకోని, చూపు యాడనో బెట్టుకోనుండావు?" అంది. పని ఎక్కువైందని అబద్ధం చెప్పి చెయ్యి కడిగేసుకున్నాను.

రోగం లేదన్నారు. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని కరువుదీరా ఏడ్చాను.

ఆ ఆదివారం బంగళాకు వెళ్లి, ఒక కండోమ్ ప్యాకెట్టు, దాని పక్కన నా పేరున్న ఎర్ర చీటీ ఆయన బల్ల మీద పెట్టాను. దొర ఆ చీటీని చూసి, మొహం ఎర్రగా చేసుకుని ఒకే మాట అన్నాడు.

"నన్ను నమ్మవా?"

నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడగట్టుకుని, ఫ్యాక్టరీలో నేను వద్దంటే మిషను ఆపుతారే, ఇక్కడ నా మాట ఎందుకు చెల్లదని అడిగాను. ఆయన డ్రైవరును పిలిచి నన్ను ఇంట్లో దింపి రమ్మన్నాడు. మళ్లీ ఆ కారు మా వీధికి రాలేదు. ఉద్యోగం పోతుందని నెలల తరబడి గుండె చిక్కబట్టుకుని తిరిగాను గానీ, పోలేదు. తన దేశం వెళ్లిపోయే రోజుదాకా, నా కళ్లలోకి చూడకుండానే, రోజూ నా హెల్మెట్ పట్టీ మాత్రం బిగించాడు.

కాలం మారింది, ఆ కుర్రాళ్లను చూస్తే కడుపు నిండింది. కానీ నా తల పగలకూడదని అంత తపించిన మనిషి, ఆ ఆదివారం ఆ తెల్ల కుర్రాడిలా నన్ను కూడా ఏది తీసుకోమంటావని ఒక్క మాట అడిగి ఉంటే, ఇవాళ ఈ బీపీ మాత్రలు ఇద్దరం కలిసే కొనుక్కునేవాళ్లమేమో.