‘నీర’ వరకు కొడితే

నేను ఎవరినీ ఊరికే నమ్మను. కూరగాయలు కొంటే కళ్లు తూకం మీదే ఉంటాయి. తాళం వేశాక రెండు అడుగులు వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తాను. ఫ్లోరైడు నీళ్ల జిల్లాలో పుట్టినదాన్ని, కాబట్టి గ్లాసు పైకెత్తి వెలుతురులో చూడకుండా నీళ్లు తాగను. ఫ్లోరైడు కంటికి కనబడదని బడిలోనే చెప్పారు. అయినా చూస్తాను.

ఈ గుణం మా నాయిన నుంచి వచ్చింది. ఆయన మా ఊరి నీరటి. చెరువు తూము తెరవడం, వంతుల ప్రకారం ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం, మళ్లీ తూము మూయడం ఆయన పని. మాకు సెంటు భూమి లేదు. కానీ ఊళ్లో ప్రతి మడి ఆయన చేతి మీదుగానే తడిసేది. ఒక దశలో అలాంటి ఊరి పనివాళ్లందరికీ ఉద్యోగాలు ఖాయం చేస్తామని చెప్పారు. నాయిన కాయితాలు పట్టుకుని రోజూ ఆఫీసుకు తిరిగాడు. అక్కడున్న గుమాస్తా ఒకరోజు ఆప్యాయంగా, ఇక నువ్వు రాకు, అయ్యాక మేమే కబురు చేస్తాం అన్నాడట. నాయిన ఆ మాట నమ్మి వెళ్లడం మానేశాడు. కబురు రాలేదు. ఫైలు ఎక్కడో అడుగున పడింది. తిరగడం మానని పక్క ఊరాయన ఉద్యోగం మాత్రం ఖాయమైంది.

అప్పటి నుంచి మా ఇంట్లో అదే రూలు. పని ఒప్పజెబితే సరిపోదు, అయ్యేదాకా రోజూ వెళ్లి మొహం చూపించాలి. కరెంటు మీటరుకైనా అంతే, పింఛనుకైనా అంతే. నిజానికి ఇది మా ఇంటి రూలు ఒక్కటే కాదు. మా వైపు ఆఫీసుల ముందు వేపచెట్ల కింద పొద్దున్నే కూర్చునే వాళ్లలో సగం మంది కొత్తగా అడగడానికి వచ్చినవాళ్లు కాదు. నిన్న అడిగినదాన్ని మర్చిపోనివ్వకుండా చూడటానికి వచ్చినవాళ్లు.

నేను నల్లగొండలో కంప్యూటర్ చదువు చదివి, అక్కడే గడియారం సెంటర్‌కు దగ్గరలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. కింద ఎరువుల దుకాణం, పైన మేము. ఎండాకాలం యూరియా వాసన మెట్లెక్కి మా బల్లల దాకా వచ్చేది. తెలంగాణ వచ్చిన కొత్త. మన మాటలన్నీ ఉండే నిఘంటువు ఫోన్లో రావాలని మా యజమానికి ముచ్చట పుట్టింది. ప్రోగ్రాం రాసేది నేను. అర్థాలు చూసేది ఒక రిటైర్డ్ తెలుగు సారు. ఆయన కోస్తా నుంచి వచ్చి మా జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. మంచినీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకునేవారు. నేను అటు నడిస్తే కంప్యూటర్ మీద ఉన్నది చటుక్కున మూసేవారు. అనుమానించడానికి ఈ రెండు చాలు కదా, నాలాంటిదానికి.

నిఘంటువు బయటికి వచ్చిన కొన్నాళ్లకు నాయిన ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఆయనవి. ఒక్కొక్కటి వెతుక్కుని కొడతాడు. కూతురు చేసిన దాంట్లో తన పని ఉందో లేదో చూద్దామని మొదట ఆ మాటే వెతికాడు.

“నీరటి అంటె తూము కాడ కావలుండే తక్కువ జాతి నౌకరట. నువ్వే రాసినవా బిడ్డా?”

నేను రాయలేదు, ఎప్పటిదో పాత పుస్తకం నుంచి ఎక్కించిన అర్థం అది. వేల పదాల్లో ఎవరి కంటా పడలేదు. ఆ సంగతి నాయినకు చెప్పాను. నేను అప్పటికప్పుడు సారు బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, చాలా తప్పు జరిగిందమ్మా అన్నారు. నా ముందే మార్చారు: చెరువు నీటిని వంతుల ప్రకారం పొలాలకు పంచే గ్రామోద్యోగి. నేను ఆ పదం పేజీ తెరిచి చూశాను. కొత్త అర్థం వచ్చింది. నాయినకు ఫోన్ చేసి మార్పించాను, చూసుకో అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్. పాతదే ఉందన్నాడు. నేను ఆఫీసుకు వెళ్లి ఆ పేజీ చూస్తే కొత్తది ఉంది. ఆ మాటే చెప్పాను. మర్నాడు మళ్లీ ఫోన్, మళ్లీ పాతదే. ఆయన ఫోన్లోనే తేడా ఉందేమోనని ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర ఇంకొకరి ఫోన్లో చూడమన్నాను. అక్కడా పాతదే. వారం తిరిగేసరికి నాయిన గొంతులో కోపం కూడా పోయింది. ఆఫీసులో గుమాస్తాలతో మాట్లాడేటప్పుడు తెచ్చుకునే వినయం వచ్చింది. “అయితదిలే బిడ్డా, నీ తిప్పలు నీకుంటయి” అన్నాడు. నా జీతం పోతుందని భయపడి, మార్చకుండానే మార్చానని చెబుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. నన్ను ఆ గుమాస్తా పక్కన కూర్చోబెట్టాడు. అది నాకు భరించలేనంత బాధ అయింది.

బాధ అయితే ఊరుకునే రకం కాదు నేను. లెక్క వేశాను. పగలు నేను చూస్తే కొత్తది, తెల్లారి నాయిన చూస్తే పాతది. అంటే నేను ఇంటికి పోయాక ఎవరో పాతది పెట్టి, పొద్దున నేను వచ్చే లోపల కొత్తది పెడుతున్నారు. ఆఫీసు తాళంచెవి నా దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఉంది? సారు దగ్గర. ఎవరు ఎప్పుడు ఏ అర్థం మార్చారో చూపించే చోటు ప్రోగ్రాంలో ఉంది. అందులో సారు చేసిన ఆ ఒక్క మార్పే కనిపించింది. ఆ చోటు రాసింది నేనే. అయినా దాన్ని నమ్మలేదు. సారు అందులోంచి కూడా చెరిపేసి ఉంటారనుకున్నాను. పాపం, ఆయనకు ఫోన్లో అలారం పెట్టుకోవడం కూడా మనవరాలే నేర్పింది.

అప్పటి నుంచి ఆయన ఏం చేసినా నాకు అనుమానమే. ముందు వచ్చినా అనుమానమే, ఆలస్యంగా వచ్చినా అనుమానమే. ఆయన కూడా నన్ను అదోలా చూస్తున్నారనిపించింది. కంప్యూటర్ మీద ఉన్నది మూసేయడం మరీ ఎక్కువైంది. ఒకరికొకరం నమస్తేలు మాత్రం చాలా మర్యాదగా పెట్టుకునేవాళ్లం.

ఆదివారం ఊరికి వెళ్లాను. బస్సు దిగే చోటే హోటల్ ఉంది. నాయిన అక్కడే తన ఈడువాళ్లతో కూర్చుని ఉన్నాడు. నేను కూర్చోకముందే ఫోన్ తీసి, చూడమని నా ఎదుటే కొట్టాడు. ‘నీ’ కొట్టాడు, ‘ర’ కోసం వెతికాడు, కొట్టాడు. అంతే, ఆగిపోయాడు. ‘నీర’ అని పడగానే దానితో మొదలయ్యే మాటలన్నీ, వాటి పక్కనే పొట్టి పొట్టి అర్థాలతో కింద వరసగా వచ్చాయి. అందులో నీరటి పక్కన తక్కువ జాతి నౌకరు అనే ఉంది.

ఫోన్ నేను తీసుకుని పదం మొత్తం కొట్టి పేజీ తెరిచాను. అక్కడ గ్రామోద్యోగి. ఒకే ఫోన్, ఒకే హోటల్, ఒకే నిమిషం. నాయిన రెండూ చూశాడు.

“మొత్తం ఎవడు కొడ్తడు బిడ్డా? సగం కొట్టంగనే కిందికి వస్తది గద. అందరు చూసేది గదే.”

నిజమే. పదం మొత్తం కొట్టి పేజీ దాకా వెళ్లేది నేనొక్కదాన్నే. అక్కడ కూర్చునే నాకు విషయం అర్థమైంది. సగం పదానికి వచ్చే వరసను మేము ప్రతిసారీ కొత్తగా తయారుచేయం. ఒకసారి తయారైన వరసను క్యాష్ అనే చోట దాచిపెట్టి, మళ్లీ అడిగినవాళ్లకు అదే చూపిస్తాం. హోటల్లో ప్రతి మనిషికీ పొయ్యి మీద పెట్టకుండా ఫ్లాస్కులోంచి చాయ్ పోసినట్టు. ఇంతసేపు దాటితే ఆ చాయ్ పారబోసి కొత్తది కాచాలని గడువు ఉంటుంది. మా గడువు ఒక రోజు. కానీ ఊళ్లలో సిగ్నల్ సరిగా ఉండదని, ఎక్కువమంది అడిగే మాటలు తొందరగా రావాలని, నేను ఒక తెలివైన పని చేశాను. ఎవరైనా ఒక కప్పు పోసుకున్నప్పుడల్లా ఆ చాయ్ అప్పుడే కాచినట్టు లెక్క. అడిగేవాళ్లు ఉన్నంతకాలం పాత చాయ్ పోదు.

‘నీర’ అని అంతగా అడిగేవాళ్లు ఎవరుంటారు? నాయినను అడిగాను, రోజుకు ఎన్నిసార్లు చూస్తున్నావని. లేవంగనే చూస్తానన్నాడు. చాయ్ తాగేటప్పుడు చూస్తానన్నాడు. పక్కనున్న పెద్దమనుషులు తామూ చూస్తున్నామన్నారు. ఒకాయన అయితే పొలం గట్టు మీద నుంచి కూడా చూస్తున్నాడట. నాయినే వాళ్లందరికీ పని ఒప్పజెప్పాడు, ఫైలు నిద్రపోకుండా రోజూ మొహం చూపించమని. వాళ్లందరూ కలిసి ఆ పాత మాటను చావనివ్వకుండా కాపాడుతున్నారు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంటికి వెళ్లే దారిలో నాయినకు చెప్పాను, ఒక్క రోజు ఎవరూ చూడకండి, దానంతటదే మారిపోతుందని. ఆయన నడక ఆపాడు. ఆ మొహంలో కోపం లేదు, తెలిసిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

“రావొద్దు, చూడొద్దు, మేమే చేస్తం అన్నోళ్లే నన్ను ముంచిండ్రు బిడ్డా. నువ్వు గూడ గదే చెప్తున్నవు.”

నేను చెప్పింది లెక్క ప్రకారం నిజమే. కానీ అదే మాట ఆయనకు ఒకసారి ఉద్యోగాన్ని పోగొట్టింది. మళ్లీ ఆ మాట నా నోటి నుంచి రాకూడదనుకున్నాను. ఆయన చూడటం మానితే బాగుపడే ప్రోగ్రాం నాకు అక్కర్లేదు. ఆయన రోజంతా చూస్తున్నా బాగుపడేది కావాలి.

సోమవారం మొదట సారు దగ్గరికే వెళ్లాను. అనుమానించిన సంగతి మింగేసి, గడువు సంగతి ఒక్కటే చెబుదామనుకున్నాను. ఆయనే ముందు బయటపడ్డారు. ఆయన కూడా రోజూ ‘నీర’ కొట్టి చూస్తున్నారట, పాతదే కనిపిస్తుంటే నేనే యజమానితో చెప్పి వెనక్కి తిప్పిస్తున్నానని అనుకున్నారట. అందుకే ఈమధ్య నేను వచ్చినప్పుడల్లా మరీ గబుక్కున మూసేశారట. ఎందుకు తిప్పిస్తాను సార్ అంటే, ఆ తప్పును నా మెడకు చుట్టి నన్ను ఇంటికి పంపించేయడానికేమో అనుకున్నానమ్మా అన్నారు. అంటే ఆ ఫ్లాస్కులోంచి ఆయన కూడా ఇన్నాళ్లూ పోసుకుంటూనే ఉన్నారు. నీళ్ల సీసా సంగతి మాత్రం నేను అడగలేదు. కొన్ని అనుమానాలు మిగిలితేనే నాకు పొద్దుపోతుంది.

రెండు మార్పులు చేశాను. మొదటిది, గడువు వరసను దాచినప్పటి నుంచే లెక్క. ఎంతమంది అడిగినా అది పెరగదు. రెండోది, ఏ పదం అర్థం మారినా, ఆ పదం మొదటి అక్షరం నుంచి దాని ముక్కలన్నిటి కింద దాచిన వరసలు ఆ క్షణమే పోతాయి. నీ, నీర, నీరటి, అన్నీ. యజమాని, జవాబులు నెమ్మదవుతాయేమో అని గొణిగారు. రెప్పపాటు నెమ్మదవుతాయని ఒప్పుకున్నాను. ఆ రెప్పపాటు ఆగలేనివాళ్లు మనకు అక్కర్లేదని సారు అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

మార్చేశానని నాయినకు ఫోన్ చేయలేదు. మళ్లీ సెలవు రోజున వెళ్లేసరికి ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఫోన్ తీసి, రెండు అక్షరాలు కొట్టి, నా వైపు తిప్పాడు. చెరువు నీటిని వంతుల ప్రకారం పొలాలకు పంచే గ్రామోద్యోగి. ఎప్పుడు చూశావు అంటే, కొత్తది వచ్చిన రోజు నుంచీ చూస్తూనే ఉన్నానన్నాడు. మళ్లీ పోతుందేమోనని హోటల్ వాళ్లు కూడా చూస్తున్నారట. ఉద్యోగి అన్న చోట ఆయన బొటనవేలు కాసేపు ఆగింది. ఏ ఆఫీసూ ఆయనకు ఆ మాట రాసి ఇవ్వలేదు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్లీ తీశాడు. నేను చూస్తున్నానని గమనించి కొంచెం సిగ్గుపడ్డాడు.

“నీ మీద నమ్మకం లేక కాదు బిడ్డా. చూడకుంట ఉండుడు నాకు రాదు.”

“చూడు నాయినా,” అన్నాను. “ఎన్నిసార్లు చూసినా ఇగ ఏం కాదు.”