తలుపుతో కాపురం

ఆ రోజుల్లో దోహాలో సొంతంగా ఇల్లు తీసుకుని భార్యను తెచ్చుకోగలిగినవాడంటే మా క్యాంప్‌లో అందరికీ ఎంతో గౌరవం. మెట్రో కోసం ఊరంతా తవ్వి పెట్టిన కాలం అది. అల్ రయ్యాన్ అవతల క్యాంప్‌లో, పైమంచం కిందమంచం లెక్కన ఒక గదినిండా ఉండేవాళ్ళం. నాకు పెళ్ళయి ఏడాది దాటినా, భార్యతో కలిసి ఉన్నది ఒక్క సెలవులోనే. మిగతా కాపురమంతా ఫోన్లో చేశాను. (ఫోన్లో కాపురం సుఖమే. కోపం వస్తే సిగ్నల్ లేదని పెట్టేయొచ్చు. ఈ సుఖాన్ని మా ఆవిడ నాకంటే ఎక్కువ వాడుకుంది.) అలాంటిది, కంపెనీ నన్ను సూపర్‌వైజర్‌ని చేసి, ఫ్యామిలీ వీసాకి సరిపోయే జీతం ఇవ్వగానే నా కాళ్ళు నేలమీద నిలవలేదు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మా అత్తగారు వీధివీధీ తిరిగి "మా బిడ్డ దుబాయ్ పోతున్నది" అని చెప్పేసింది. ఖతర్ అని సరిచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వీసా రావాలంటే ముందు నా పేరుమీద ఇల్లుండాలి. వెతగ్గా వెతగ్గా మదీనత్ ఖలీఫాలో, విల్లాల వెనక సందులో, మూడంతస్తుల పాత బిల్డింగ్‌లో ఒక్క బెడ్‌రూమ్ ఫ్లాటు దొరికింది. వాచ్‌మన్‌ని అక్కడ నాతూర్ అంటారు. ఆ నాతూర్, బంగ్లాదేశ్ చాచా, దాన్ని తనే కట్టినంత గర్వంగా చూపించాడు. కువైట్ యుద్ధానికి ముందు కట్టిందట, ఈమధ్యే కొత్తగా రెనొవేషన్ చేశారట. నిజమే, రంగు కొత్తది, వంటింటి గట్టు కొత్తది. నేలమీద పాత టైల్స్ తియ్యకుండా వాటిమీదే కొత్త టైల్స్ పరిచారు. దానివల్ల నేల ఎత్తు పెరిగి, తలుపులన్నీ కింద తగులుకోవడం మొదలైంది. మిగతా తలుపుల్ని ఎలాగో కోశారు, బాత్రూమ్ తలుపును మాత్రం మర్చిపోయారు. అది మూసుకోవడం దాని ఇష్టం, తెరుచుకోవడం దేవుడి ఇష్టం.

అసలు చిక్కు ఇంకోటి. బిల్డింగ్‌లో ఫ్యామిలీలకే చోటు, బ్యాచిలర్లకు లేదు. "సాబ్, ఫ్యామిలీ కిధర్?" అన్నాడు చాచా. వీసా రాగానే వస్తుందన్నాను. వీసా ఎప్పుడొస్తుందన్నాడు. ఇల్లు దొరగ్గానే అన్నాను. అతను చాలాసేపు గడ్డం గోక్కుని, "జల్దీ లావ్" అని తొందరపెట్టి తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ రోజునుంచి నేను మెట్లెక్కినప్పుడల్లా అదే ప్రశ్న, దిగినప్పుడల్లా అదే ప్రశ్న. ఇల్లు పోతే వీసా పోతుంది, వీసా పోతే మా అత్తగారికి ముఖం చూపించలేను. నిద్రలో కూడా చాచాయే కనిపించేవాడు.

అప్పుడు నన్ను ఆదుకున్నది మామిడికాయ పచ్చడి. ఊరినుంచి ఒకతను వస్తున్నాడని మా ఆవిడ తన చీరలు కొన్ని ముందుగానే పంపించింది, వాటి మధ్యలో పచ్చడి డబ్బా పెట్టి. పచ్చడి విమానంలోనే బయటికొచ్చి చీరలన్నిటినీ పలకరించింది. నేను నూనె వదిలేదాకా వాటిని ఉతికి, వెనక బాల్కనీలో ఆరేశాను. సాయంత్రం డ్యూటీనుంచి వస్తే చాచా లేచి నిలబడి, "ఫ్యామిలీ ఆగయా! మాషా అల్లా!" అని చెయ్యి కలిపాడు. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మనవాళ్ళకే చేతనైన పద్ధతిలో తల అటూ ఇటూ ఊపాను. ఆ తర్వాత రెండుమూడు రోజులకోసారి శుభ్రంగా ఉన్న చీరనే తడిపి ఆరేస్తూ వచ్చాను. పెళ్ళాం రాకముందే పెళ్ళాం చీరలు ఉతికిన ఘనుణ్ణి నేనే అయ్యుంటాను.

పక్క ఫ్లాటులో రాయచోటి పెద్దమ్మ ఉండేది. ఏళ్ళ తరబడి అరబ్బుల ఇంట్లో వంటచేసి, ఇప్పుడు ఆఫీసు ఉద్యోగం చేసే కొడుకు దగ్గర విశ్రాంతిగా ఉంటోంది. ఆమె వంటింటి గోడకి ఇవతల నా బాత్రూమ్. మధ్యలో ఒకటే వెంటిలేటర్. ఇదేమీ ఆలోచించకుండా నేను రోజూ పొద్దున్నే బాత్రూమ్ తలుపుతో గొడవపడేవాణ్ణి. ఒంటరివాణ్ణి గదా, నోరు ఊరుకోదు. "రావే తల్లీ, పొద్దుగాల పొద్దుగాల లొల్లి జెయ్యకు. ఒక్కనాడన్న సక్కగ నా మాట విన్నవా? నిన్ను నాకు అంటగట్టినోన్ని అనాలె!" అని భుజంతో నెడుతూ మొత్తుకునేవాణ్ణి.

ఒకరోజు పెద్దమ్మ మెట్లమీద ఆపింది. "ఏమప్పా, ఆ బిడ్డను ఎందుకట్ల తిడతాండావు? మనిషి బయటికే రాదు. ఒక్కసారన్నా మా ఇంటికి పంపీ." నిజం చెబితే చాచాకి తెలుస్తుంది, చాచాకి తెలిస్తే ఇల్లు పోతుంది. "పాణం బాగలేదు పెద్దమ్మా, పండుకుంది" అన్నాను. మరునాటినుంచి ఆ బిడ్డకోసం గిన్నెలు రావడం మొదలైంది. చారన్నం, రాగి సంగటి, ఉప్పూ కారం తగ్గించిన పప్పు. నేను పథ్యం తిండంతా తిని, గిన్నె తోమి, "మా ఆమె శాన బాగున్నదన్నది" అని తిరిగిచ్చేవాణ్ణి. (నిజంగానే బాగుండేది. ఆ నెల నేను కాస్త ఒళ్ళు చేశాను కూడా.)

ఇంతలో వీసా వచ్చింది, శుక్రవారానికి టికెట్టు కూడా అయింది. ఆ సంతోషంలో నేను హద్దులు మరిచాను. గురువారం పొద్దున తలుపు మరీ మొండికేస్తే, "ఇగ ఊకోను! రేపు సుత్తె తెచ్చి నీ నడుము ఇరగ్గొడ్త!" అని అరిచాను. గోడకి అవతల గిన్నె కిందపడ్డ చప్పుడు వినిపించింది. సాయంత్రం చాచా ముఖం గంటుపెట్టుకుని గేటులో నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ అతనికి అంతా చెప్పిందట. శుక్రవారం అర్బాబ్, అంటే బిల్డింగ్ యజమాని, స్వయంగా వస్తాడట. మేడమ్‌ని కళ్ళారా చూస్తాడట. మేడమ్ లేకపోయినా, ఉండి ఒంటిమీద దెబ్బలున్నా, నేను అదే పూట ఖాళీ చేయాలట.

శుక్రవారం విమానం ఆలస్యమైంది. మా ఆవిడను తీసుకుని, పెట్టె లాక్కుంటూ నేను మెట్లెక్కేసరికి ముగ్గురూ నా గుమ్మం ముందే ఉన్నారు. తెల్లటి తోబు, అదే అరబ్బుల పొడుగు అంగీ, వేసుకున్న అర్బాబ్ పెద్దాయన, పక్కన చాచా, కొంగు నడుముకి చుట్టిన పెద్దమ్మ. పెట్టెకి విమానం చీటీ వేలాడుతోంది. పెద్దమ్మ చూపు దానిమీదే ఆగింది. "ఎవలు వీళ్లు?" అని మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. ఎన్నో నెలల ఆశ ఆ చీటీతో పోయిందనుకున్నాను.

అదృష్టం, పెద్దాయనకి వయసు మీదపడింది. చాలాసేపు నిలబడ్డాడు కూడా. నేను తలుపు తియ్యగానే ప్రశ్నలన్నీ పక్కనపెట్టి నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి లోపలినుంచి గడగడలాడింది. తర్వాత తొందరగా తియ్యమని "యల్లా! యల్లా!" అని కేక. చాచా లాగాడు, రాలేదు. అందరూ నావైపు చూశారు. దాని మర్మం నాకొక్కడికే తెలుసు. పిడి పట్టుకుని పైకెత్తి, భుజం ఆనించాను. అలవాటైన నోరు కదా, ఆగలేదు.

"రావే తల్లీ, ఇజ్జత్ తియ్యకు. ఒక్కనాడన్న సక్కగ నా మాట విన్నవా?"

తలుపు కిర్రుమని తెరుచుకుంది. పెద్దాయన చెమటలు కక్కుతూ బయటపడ్డాడు. పెద్దమ్మ తలుపు వంక చూసింది, నా వంక చూసింది.

"ఇన్ని దినాలూ నువ్వు తిట్టింది దీన్నా అప్పా?"

"అవ్ పెద్దమ్మా."

పెద్దాయన ముఖం తుడుచుకుని మా ఆవిడను చూపిస్తూ, ఈ మేడమ్ ఎన్నాళ్ళుగా ఇక్కడుంటోందని అరబ్బీలో అడిగాడు. పెద్దమ్మ మా ఆవిడ దగ్గరకెళ్ళి, భుజం చుట్టూ చెయ్యి వేసి, మెల్లగా పెట్టెకి అడ్డంగా నిలబడింది. "మిన్ జమాన్" అంది. ఎప్పట్నుంచో అని. పెద్దాయన తల ఊపి, వడ్రంగిని పిలిపించమని చాచాని కసిరి, వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా ప్రాణం అంతగా తేలికపడింది మళ్ళీ ఎప్పుడూ లేదు.

మెట్లమీద చప్పుడు తగ్గాక పెద్దమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది. "అయితే నా సంగటంతా నువ్వేనా తినింది?"

మా ఆవిడకి కథంతా చెప్పేసరికి సాయంత్రమైంది. కోప్పడుతుందనుకుంటే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "అంటే ఆ తలుపు నీ పెద్ద పెండ్లామన్నట్టు" అంది. ఆ పేరే ఖాయమైంది. మరునాడు వడ్రంగి వచ్చి తలుపు అడుగును కాస్త ఏటవాలుగా చెక్కేశాడు. ఆపైన అది కిమ్మనలేదు.

ఇప్పుడు మేం లిఫ్టున్న కొత్త బిల్డింగ్‌లో ఉంటున్నాం. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, మనతో పనిలేదు. పెద్దమ్మ రాయచోటికి వెళ్ళిపోయింది, అప్పుడప్పుడు ఫోన్ చేసి మా ఆవిడతోనే మాట్లాడుతుంది. ఈమధ్య ఆ సందులోంచి వెళ్తుంటే పాత బిల్డింగ్‌కి మళ్ళీ రెనొవేషన్ జరుగుతోంది. బయట చెత్త పక్కన తలుపులు పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకదాని అడుగు ఏటవాలుగా ఉంది. కారు ఆపాను. "పో, ఒక్కసారి పలకరించు. పెద్దామె గదా" అంది మా ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

దిగాను. పైన పెద్దమ్మ వంటింటి కిటికీ వైపు చూశాను, ఎవరూ లేరు. ఆ తలుపుమీద చెయ్యి వేసి, నెమ్మదిగా అడిగాను.

"ఎట్లున్నవే తల్లీ?"