విశ్వనాథం బాబాయ్‌గారి అగరొత్తి

విశ్వనాథం గారు నాకు చుట్టమేం కాదు, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మా తెలుగువాళ్ళందరికీ బాబాయ్. ఎవరింటికెళ్ళినా ముందు అగరొత్తి వెలిగిస్తారు. భక్తి అనుకునేరు! దాన్ని కిటికీ అంచుల దగ్గర పట్టుకుని పొగ ఎటు ఊగుతోందో చూస్తారు. "ఇదుగో, ఇక్కణ్ణించే మీ వేడి వీధిలో పడుతోంది" అని తేల్చాకే కాఫీ ముట్టుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఉద్యోగం, కారు తలుపుల రబ్బరు పట్టీల్లోంచి గాలి దూరుతోందేమో చూడటం. ఆ చాదస్తం మా ఇళ్ళకీ పాకింది. చాటుగా నేనూ నవ్వినదాన్నే.

2021 జనవరిలో ఆ నవ్వు దిగిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన నా కూతురు శుక్రవారం ఆసుపత్రి నుంచి ఇంటికి రావాలి. గది వెచ్చగా ఉండాలి, ఇరవై ఒక్క డిగ్రీలకి తగ్గకూడదన్నారు. మా గది చచ్చినా పదహారు దాటదు. వేడినీళ్ళు పారే గోడ హీటర్ గుడగుడమంటుందే గానీ పైసగం కాలదు. బిల్డింగ్ మరమ్మతులు చూసే హౌస్‌మైస్టర్ రెండు వారాల తర్వాతే వస్తానని టెర్మిన్ ఇచ్చాడు. మా ఆయన చైతన్య ఆసుపత్రిలో పాప దగ్గరున్నాడు. ఏడుపొచ్చేసి, సిగ్గు విడిచి బాబాయ్‌గారికి ఫోన్ చేశాను.

అరగంటలో మంచులో నడుచుకుంటూ వచ్చారు. లోపలికి రమ్మంటే ససేమిరా అన్నారు. "కరోనా రోజులు, పసిపిల్ల వచ్చే ఇల్లు. అడుగుపెట్టను." హీటర్ మర తిప్పే ఒక బుల్లి తాళంచెవి మా పోస్టు డబ్బాలో వేసి, పెరట్లో నిలబడి ఫోన్లో మొదలుపెట్టారు.

"గీతికా, వంటింటి కిటికీ ఓరగా తెరిచుందేం?"

"పోపు వాసన మెట్ల మీదకి పోతే పక్కవాళ్ళేమంటారోనని, రోజంతా అలాగే ఉంచుతాం."

"బాగుంది సంబరం! ఊరంతటికీ హీటర్ వేస్తున్నావా? హీటర్ కట్టేసి అయిదు నిమిషాలు బార్లా తెరువు, వాసన పోతుంది. మళ్ళీ మూసెయ్."

ఒళ్ళు మండింది గానీ మూశాను. ఆయన చెప్పినట్టే సోఫాని హీటర్‌కి దూరంగా లాగాను, పరదా పైకి కట్టాను, తలుపు కింద పాత తువ్వాలు కుక్కాను. తాళంచెవితో హీటర్ పక్కనున్న మర కాస్త తిప్పి, కింద గిన్నె పట్టాను. లోపల ఇరుక్కున్న గాలి బుస్సుమని పోయి, నీటి చుక్క రాగానే బిగించాను. గంటన్నరసేపు ఆయన "ఇప్పుడెంత? ఇప్పుడెంత?" అంటూ ఆ చలిలోనే నిలబడ్డారు. పంతొమ్మిది దాటాకే కదిలారు. మర్నాటికి ఇరవై ఒకటైంది.

శుక్రవారం పాప వచ్చింది. శనివారం పొద్దున్నే పెరట్లో బాబాయ్‌గారు! ఉండబట్టలేక పాపనెత్తుకుని కిటికీ తెరవబోయాను.

ఆయన రెండు చేతులూ ఊపేశారు. "తెరవకు తల్లీ! వేడి పోతుంది!"

అద్దం దగ్గరకి తెచ్చి పాప మొహం చూపించాను. ఫోన్ మోగింది.

"అద్దం చల్లగా ఉంటుంది, వెనక్కి జరుగు" అన్నారు. "నాకు కనిపిస్తోందిలే."

ఆ మనిషిని చూసి చాటుగా నవ్వినదాన్ని నేను. పాపని గుండెకి హత్తుకుని, ఒక్క అడుగు వెనక్కి జరిగాను.